సీతాలవలసకు రెండు పాయింట్ నాలుగు

ఆ ఏడాది మా పోలిపేట మండలంలో ఎంతమందికి క్యాన్సర్ రావాలో ఏప్రిల్ నెలలోనే ఖరారైపోయింది. మొత్తం ముప్పై ఒకటి. ఉత్తర్వు నా బల్ల మీదికి రాగానే ఇన్‌వార్డు నంబరు వేసి ఫైలు కట్టాను. నేను అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జూనియర్ అసిస్టెంటును. పదిహేడేళ్ళ సర్వీసులో మలేరియాకు, దోమతెరలకు, కుటుంబ నియంత్రణకు ఎన్నో ఫైళ్ళు కట్టాను. కానీ రోగం కన్నా ముందు ఫైలు రావడం అదే మొదటిసారి.

ఈ పద్ధతిని తెచ్చినవారు వైకుంఠరావుగారు. జిల్లాలో కొత్తగా ఏర్పడిన ముందస్తు అంచనాల విభాగానికి ప్రత్యేకాధికారి. మనిషి చెడ్డవాడు కాడు, లంచగొండి అంతకన్నా కాడు. పది రోజుల శిక్షణకు వెళ్ళి ఒక కంప్యూటరు లెక్కతో తిరిగి వచ్చారు, అంతే. మనిషి వయసు, పొగాకు, సారా, బరువు, ఇంట్లో ఇంతకు ముందు ఎవరికైనా ఈ జబ్బు ఉన్నదా లేదా – ఇలాంటివన్నీ టాబ్‌లో ఎక్కిస్తే ఎవరికి ఎంత ప్రమాదమో, ఊరికి ఎన్ని కేసులో తేలుతుంది.

మా డాక్టర్ నస్రీన్ గారు ఆ పట్టిక చూసి నిజంగానే సంతోషించారు.

"మంచి లెక్కే సార్. ఏ ఊళ్ళో ఎక్కువ వెతకాలో తెలుస్తుంది. కాకపోతే ఇది వందమందిలో ఎందరికి అన్నది చెబుతుంది గానీ, ఎవరికి అన్నది చెప్పదు."

వైకుంఠరావుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "డాక్టరుగారూ, 'ఎందరికి' అన్న మాట మీద ప్రభుత్వ యంత్రాంగం నడవజాలదు. పేరు, తండ్రి లేక భర్త పేరు, ఆధార్ నంబరు ఉండి తీరాలి."

అలా ప్రతి ఊరికీ లెక్క ప్రకారం పేర్లు కేటాయించారు. పేరున్నవారికి ఒక నంబరు. ఆ నంబరు చూపిస్తే పట్నం పెద్దాసుపత్రిలో పరీక్షలు, వైద్యం అన్నీ ఉచితం. సీతాలవలసకు రెండు పాయింట్ నాలుగు వచ్చింది. పేర్లు చదివిన సమావేశంలో ఆ ఊరి నర్సు నూకరత్నం లేచి నిలబడింది.

"సార్, ఇద్దరి పేర్లు ఇచ్చారు. ఆ పాయింట్ నాలుగు మనిషి ఎవరండీ?"

"దశాంశాలను చులకన చేయరాదమ్మా. పక్కన కొత్తూరుకు ఒకటి పాయింట్ ఆరు వచ్చింది. వారి ఆరూ మీ నాలుగూ కలిస్తే ఒక సంపూర్ణ లబ్ధిదారు. రెండు గ్రామాల వారూ సమన్వయం చేసుకోండి."

సమన్వయ సమావేశం జరిగింది. మనిషిలో ఎక్కువ భాగం కొత్తూరిదే గనుక మనిషి కూడా కొత్తూరి నుంచే రావాలని సీతాలవలస సర్పంచ్ వాదించాడు. పేరు ఖరారు కాకుండానే సమావేశం టీతో ముగిసింది.

ఆ వారంలోనే ఇంకో సర్క్యులర్ వచ్చింది. 'అంచనా సంవత్సరము ముగియువరకు క్షేత్రస్థాయి సిబ్బంది ప్రమాద కారకములను ఏ విధముగానూ కదిలించరాదు.'

"అంటే ఏటండీ?" అని నూకరత్నం నన్నడిగింది.

"చుట్ట తాగేవాళ్ళు తాగుతూనే ఉండాలి. మధ్యలో మానేస్తే అంచనా చెడిపోతుందని."

ఆమె ఆ కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళిపోయింది.

పద్ధతి మొదట్లో బాగానే పనిచేసిందని చెప్పకపోతే అన్యాయం. సీతాలవలస జాబితాలో రెండో పేరు గవరయ్యది. సారా, చుట్ట రెండూ ఉన్న మనిషి. పేరుంది కదా అని జూన్‌లో చూపిస్తే గొంతులో చిన్న పుండు దొరికింది. నంబరు పట్టుకుని పట్నం వెళ్ళాడు, వైద్యం మొదలైంది. చిక్కల్లా మొదటి పేరుతోనే వచ్చింది.

మొదటి పేరు దాలమ్మ. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. పన్నెండో ఏట నుంచి అడ్డపొగ తాగుతోంది. అంటే చుట్టను తిరగేసి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగడం. మా వైపు పాతకాలపు ఆడవాళ్ళలో ఆ అలవాటు ఇంకా ఉంది. కంప్యూటరు ఆమెకు నూటికి తొంభై ఏడు మార్కులు వేసింది. జిల్లా మొత్తానికీ అదే మొదటి స్థానం. వైకుంఠరావుగారు ఆమె ఫొటో తెప్పించి తన గది గోడకు తగిలించుకున్నారు.

ప్రతి నెలా మొదటి సోమవారం నూకరత్నం టార్చిలైటు పట్టుకుని వెళ్ళి దాలమ్మ నోరు తెరిపించేది. అంగిట్లో ఒక తెల్లమచ్చ లేస్తోంది. అది క్యాన్సర్ కాదు. వదిలేస్తే కావచ్చు, చుట్ట మానేస్తే తగ్గిపోనూవచ్చు. టాబ్‌లో రెండే మీటలున్నాయి: 'వచ్చినది', 'ఇంకా రాలేదు'. రాబోతున్నది, ఆపవచ్చు అని చెప్పడానికి మీట లేదు. నూకరత్నం 'ఇంకా రాలేదు' నొక్కి, టాబ్ మూసి, ఆమె పక్కనే అరుగు మీద కూర్చునేది.

"మామ్మా, ఆ సుట్ట ఒగ్గీయే. అంగిట్లో మచ్చ లేస్తంది."

"నాను మానకూడదని కాయితం వచ్చినాదట గదే. సర్కారోళ్ళే తాగమంటే నానెందుకు మానీయాల? ఇన్నాళ్ళకి నా అలవాటు సర్కారుకి నచ్చినాది."

సెప్టెంబరు దాటినా దాలమ్మకు జబ్బు రాలేదు. జిల్లాలో మొదటి ర్యాంకు పేరు ఖాళీగా ఉండటం వైకుంఠరావుగారికి నిద్ర పట్టనివ్వలేదు. నోటీసు పంపారు. నేనే వెళ్ళి చదివి వినిపించాను.

'మీకు ఈ ఆర్థిక సంవత్సరమునకు కేటాయించబడిన నోటి క్యాన్సరు ఇంతవరకు వినియోగించుకొనబడలేదు. ఇందుకు గల కారణములను స్వయముగా హాజరై తెలుపవలెను. లేనియెడల సదరు కేటాయింపును ఎందుకు రద్దు చేయరాదో...'

"ఓలమ్మో!" అంది దాలమ్మ. "రోగం రానేదని నోటీసేటి బాబూ? అదొత్తే వత్తాది. నానేటి సంతకెల్లి కొనుక్కొచ్చీదా?"

"నాకేమీ తెలీదమ్మా, ఇక్కడ వేలిముద్ర వెయ్యి" అన్నాను. నేను జూనియర్ అసిస్టెంటును.

సరిగ్గా ఆ రోజుల్లోనే సుగుణ వచ్చింది. దాలమ్మ ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటుంది. ముప్పై నాలుగేళ్ళు, ఇద్దరు ఆడపిల్లలు. భర్త లారీ డ్రైవరు. ఆమె ఇంటి దగ్గరే మిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఒక ఉదయం స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో చింతపిక్కంత గడ్డ చేతికి తగిలింది. సిగ్గుపడి రెండు రోజులు ఊరుకుని, మూడో రోజు నూకరత్నానికి చెప్పింది. నూకరత్నం అప్పటికప్పుడు ఆటో ఎక్కించి తీసుకొచ్చింది.

డాక్టర్ నస్రీన్ పరీక్ష చేశారు. గడ్డ గట్టిగా ఉంది, నొక్కితే కదలడం లేదు. "ఈరోజే పట్నం పంపాలి" అన్నారు. టాబ్ తీసి వివరాలన్నీ ఎక్కించారు. పొగాకు లేదు. సారా లేదు. బరువు సరిగ్గా ఉంది. పిల్లలిద్దరికీ రొమ్ముపాలే పట్టింది. తల్లికి జబ్బు లేదు.

టాబ్ ఒక్క క్షణం ఆలోచించి, ఆకుపచ్చ అక్షరాలు చూపించింది. 'ఈ లబ్ధిదారుకు క్యాన్సరు వచ్చు అవకాశము అత్యల్పము. పట్నం ఆసుపత్రికి పంపనవసరము లేదు. మీ ఆరోగ్యకరమైన జీవన విధానమునకు అభినందనలు.' కింద ఒక తామరపువ్వు విచ్చుకుంది.

డాక్టరుగారు వైకుంఠరావుగారికి ఫోను చేశారు.

"డాక్టరుగారూ, మా కంప్యూటరు నమూనా కచ్చితత్వం తొంభై నాలుగు శాతం" అని అవతలి నుంచి వినిపించింది.

"తప్పిపోయే ఆరు శాతంలో ఈవిడ ఉండొచ్చు కదా సార్?"

"ఆ ఆరు శాతం జిల్లా మొత్తానికి సంబంధించినది. అందులో మీ మండలానికి ఏమీ కేటాయించలేదు."

డాక్టరుగారు తెల్లకాగితం మీద రాసిచ్చి, కింద ఎర్ర ఇంకుతో గీత గీసి పంపారు. పట్నంలో రెండు రోజులు వరుసలో నిలబెట్టి, నంబరు లేదని తిప్పి పంపేశారు. మళ్ళీ పంపితే మళ్ళీ అంతే. మూడు వారాలు గడిచాయి. గడ్డ రేగుపండంత అయింది. సుగుణ మిషను మీద కూర్చుంటే కుట్టు వంకర పోతోందని నూకరత్నం చెప్పింది.

చివరికి నూకరత్నమే నా దగ్గర కూర్చుని అప్పీలు రాయించింది. దాని మీద అర్హతా నిర్ధారణ కమిటీ విచారణకు పిలిచింది. దాలమ్మ నోటీసుకూ అదే తేదీ పడింది. అలా ఆ మంగళవారం ఉదయం ఏడు గంటల బస్సులో ఐదుగురం బయలుదేరాం. జబ్బు రావాల్సి ఉండీ రాని మనిషి, రాకూడకపోయినా వచ్చిన మనిషి ఒకే సీట్లో కూర్చున్నారు. వెనక డాక్టరుగారు, నూకరత్నం, ఫైళ్ళతో నేను.

బస్సు కదిలాక సుగుణ కిటికీ వైపు తిరిగి ఏడవడం మొదలుపెట్టింది.

"ఏటే గుంటా, ఏటైనాది?" అంది దాలమ్మ.

"భయంగా ఉంది మామ్మా. పెద్దదానికి పదకొండేళ్ళు. సిన్నదానికి జడేసుకోడం కూడా రాదు. నాకేటైనా అయితే..."

దాలమ్మ చుట్ట వెలిగించబోతూ ఆగింది. దాన్ని తిరిగి కొంగులో ముడి వేసుకుంది.

కమిటీలో ముగ్గురు. మధ్యలో వైకుంఠరావుగారు, అటూ ఇటూ ఇద్దరు సభ్యులు. గోడ మీద దాలమ్మ ఫొటో. ముందు సుగుణను పిలిచారు.

"మీరు పొగాకు వినియోగిస్తారా?"

"నేదండి."

"కిళ్ళీ?"

"ఒక్కసారేనండి."

కుడివైపు సభ్యుడు ఆశగా కలం తీశాడు. "ఎప్పుడు?"

"నా పెళ్ళిలోనండి."

"కొట్టివేయండి" అన్నారు వైకుంఠరావుగారు. "మీ తల్లిగారికి ఈ వ్యాధి ఉండెనా?"

"అమ్మ బాగుందండి. కూలికెల్తాది."

"అత్తగారికి?"

"అత్తకి గర్భసంచిలో వచ్చినాదండి. ఐదేళ్ళయినాది పోయి."

వైకుంఠరావుగారి ముఖం వికసించింది. ఎడమవైపు సభ్యుడు ఆయన చెవిలో మెల్లగా, "అత్తగారు రక్తసంబంధం కిందికి రారు సార్" అన్నాడు. ముఖం మళ్ళీ ముడుచుకుంది.

"అమ్మా, మీకు ఏ అర్హతా లేదు. వయసు లేదు, అలవాటు లేదు, వంశపారంపర్యం లేదు. ఇక ఏ ప్రాతిపదికన మీరు క్యాన్సరును క్లెయిము చేస్తున్నారు?"

సుగుణ చేతులు జోడించింది. "నాను అడగనేదండి. అదే వచ్చినాది."

వైకుంఠరావుగారికి కూడా జాలి కలిగిందని నా నమ్మకం. ఆయన ఫైలు తిరగేసి ఒక మార్గం కనిపెట్టారు.

"మానవతా దృక్పథంతో ఒకటి చేయవచ్చు. సీతాలవలస ఖాతాలో పాయింట్ నాలుగు ఎవరికీ చెందకుండా మిగిలి ఉంది. ఆ మేరకు, అనగా నలభై శాతం మేరకు, ఈమెను పట్నం పంపుదాం."

"నలభై శాతం పంపడమేమిటి సార్?" అన్నారు డాక్టరుగారు.

"పట్నం మీ ఊరికి నూట ఇరవై కిలోమీటర్లు. నలభై ఎనిమిది కిలోమీటర్ల వరకు ప్రభుత్వ అంబులెన్సు."

"అక్కడ ఏముంది సార్?"

అందరూ నా వైపు చూశారు. ఆ దారి నాకు తెలుసు. "జీడితోటలు సార్" అన్నాను.

డాక్టర్ నస్రీన్ లేచి నిలబడ్డారు. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. "సార్, గడ్డ రోజురోజుకీ పెరుగుతోంది. మీ లెక్క తప్పు కాదు. దాన్ని మీరు చదివే తీరు తప్పు. ఇలాంటి ఆడవాళ్ళలో వెయ్యికి ఒకరికో ఇద్దరికో వస్తుందని అది చెబుతోంది. ఆ ఒక్కరు ఈవిడే. మీ ఎదురుగా నిలబడి ఉంది."

"మీ ఆవేదన రికార్డు చేశాము డాక్టరుగారూ. తదుపరి కేసు."

తదుపరి కేసు అప్పటికే లేచి బల్ల ముందుకు వచ్చేసింది.

"బాబూ, నా పేరున రోగం ఒకటి ఉన్నాదంటన్నారు. నిజమేనా?"

"నిజమేనమ్మా. దానిని మీరు వినియోగించుకోలేదన్నదే అభియోగం."

"అది నాదేనా?"

"నిస్సందేహంగా మీదే."

"మరి నాదైతే, నాకిష్టమొచ్చినోళ్ళకి ఇచ్చుకోనేనా?" దాలమ్మ వెనక్కి చెయ్యి చాచి సుగుణ మణికట్టు పట్టుకుని ముందుకు లాగింది. "ఈ గుంటకిచ్చీండి. రాసుకోండి."

ఎడమవైపు సభ్యుడు నిబంధనల పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిరగేశాడు. "బదిలీ నిషిద్ధమని ఎక్కడా లేదు సార్."

"కానీ ఈమెది నోరు, ఆమెది రొమ్ము" అన్నాడు కుడివైపు సభ్యుడు.

"అది క్లరికల్ సవరణ" అన్నారు వైకుంఠరావుగారు. ఆయన గొంతులో చాలా రోజుల తరవాత ఉత్సాహం వినిపించింది. ఖాళీ పేరు నిండుతోంది, సంఖ్య చెడటం లేదు. "జూనియర్ అసిస్టెంటుగారూ, రాయండి."

నా సర్వీసులో నేను రాసిన మంచి కాగితం అదేననుకుంటాను. 'పోలిపేట మండలం, సీతాలవలస కాపురస్థురాలు దాలమ్మ అను నేను, నాకు కేటాయించబడిన క్యాన్సరును ఎవరి ఒత్తిడియు లేక, పూర్తి తెలివితో, ప్రేమాభిమానములతో సదరు గ్రామమునకే చెందిన సుగుణకు దఖలు పరచడమైనది. ఇందుపై నాకు గాని నా వారసులకు గాని ఎట్టి హక్కును లేదు.'

వేలిముద్ర వేసేముందు వైకుంఠరావుగారు హెచ్చరించారు. "అమ్మా, ఆలోచించుకోండి. ఈ సంవత్సరం మీకు నిజంగా వస్తే ప్రభుత్వం వద్ద మీకు నంబరు ఉండదు."

నూకరత్నం దాలమ్మ వైపు చూసింది. ఆ అంగిట్లో మచ్చ సంగతి ఆమెకూ తెలుసు, దాలమ్మకూ తెలుసు.

"ఈ ముసిల్దానికేటి బాబూ, సూసినన్నాళ్ళు సూసినాను. ముందు గుంట సంగతి సూడండి" అంటూ దాలమ్మ బొటనవేలు సిరాలో ముంచింది.

ఆ మధ్యాహ్నమే నంబరు వచ్చింది. డాక్టరుగారు సుగుణను అటునుంచి అటే పట్నం తీసుకెళ్ళారు. పరీక్షలో క్యాన్సరేనని తేలింది. పక్కలకు పాకకముందే దొరికింది. ఆపరేషను చేశారు, తరవాత మందులెక్కించారు. జుట్టు రాలిపోయింది, మనిషి సగమైంది. కానీ ఫిబ్రవరిలో తలకు రుమాలు కట్టుకుని ఊళ్ళో దిగింది. నెల తిరిగేసరికి మిషను చప్పుడు మళ్ళీ వినపడింది.

విచారణ నుంచి వచ్చిన మర్నాడే నూకరత్నం దాలమ్మ అరుగు ఎక్కింది.

"మామ్మా, ఇప్పుడు నువ్వు జాబితాలో నేవు. ఆ సర్క్యులర్ నీకు తగలదు. నువ్వు తాగాలని సర్కారు ఇంక అడగదు. పైగా నీకు నంబరూ నేదు. ఆ సుట్ట ఇలాగియ్యి."

దాలమ్మ కాసేపు తిట్టింది, కాసేపు ఏడ్చింది. కొంగుముడి విప్పి చుట్టలు ఇచ్చేసింది. తరవాత పదకొండు రోజులు ఊళ్ళో ఎవరినీ బతకనివ్వలేదు. కోళ్ళతో, కోడళ్ళతో, కరెంటు స్తంభంతో పోట్లాడింది. సుగుణ వచ్చిన తరవాత మధ్యాహ్నాలు ఆమె మిషను దగ్గరే కూర్చుని, నోరు ఊరుకోక గుండీలు కుట్టిపెట్టేది. ఏప్రిల్ వచ్చేసరికి అంగిట్లో మచ్చ సగానికి సగం తగ్గిందని డాక్టరుగారు టార్చి వేసి చూసి చెప్పారు.

ఇదంతా చూసిన ఊరి ఆడవాళ్ళు పిలవకుండానే రావడం మొదలుపెట్టారు. కొందరు నోళ్ళు చూపించుకున్నారు, కొందరు తలుపు వేయించి గడ్డలేమైనా ఉన్నాయేమో పరీక్ష చేయించుకున్నారు. దాలమ్మే మానేసిందంటే మాకేమని పందొమ్మిది మంది అడ్డపొగ వదిలేశారు. నిజానికి సర్క్యులర్ జాబితాలో లేనివాళ్ళకూ వర్తిస్తుంది. నూకరత్నం ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నేనూ గుర్తు చేయలేదు.

మార్చి ముప్పై ఒకటిన మండలం లెక్క తేలింది. అంచనా ముప్పై ఒకటి, నమోదు ముప్పై ఒకటి. నమూనా నూటికి నూరు శాతం కచ్చితమని నిరూపితమైంది. వైకుంఠరావుగారికి సన్మానం జరిగింది. 'ఒక్క పేరు కూడా వృథా పోలేదు' అని ఆయన ప్రసంగంలో చెప్పుకున్నారు.

ఏప్రిల్‌లో కొత్త అంచనా వచ్చింది. సీతాలవలసకు ఒకటి పాయింట్ ఒకటి. ఉత్తర్వుతో పాటు నూకరత్నానికి ఒక మెమో కూడా వచ్చింది. సదరు ఉద్యోగిని ఉత్తర్వులను ధిక్కరించి ప్రమాద కారకాలను కదిలించినందువల్ల, ఒక్క గ్రామంలోనే ఒకటి పాయింట్ మూడు క్యాన్సర్ల మేరకు అంచనా పడిపోయిందని, ఇందుకు బాధ్యులెవరో మూడు రోజులలో సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది.

ఆమె మెమో అందుకున్న చోటే నిలబడి, నా కలం అడిగి తీసుకుని, జవాబు రాసింది. డాక్టర్ నస్రీన్ చదివి, ఒక్క మాట కూడా మార్చకుండా కింద సంతకం పెట్టారు. నేను అవుట్‌వార్డు నంబరు వేసి ఆ రోజు టపాలోనే పంపించాను.

'అయ్యా, సీతాలవలస అంచనా పడిపోవుటకు పూర్తి బాధ్యురాలిని నేనే. మిగిలిన ఒకటి పాయింట్ ఒకటిని కూడా ఈ సంవత్సరము పడగొట్టుటకు శక్తివంచన లేకుండా ప్రయత్నించగలనని మనవి.'